ఫిట్స్ ఉన్నవాళ్లకు ఫోన్ కోచింగ్: ఏ యాప్, ఎన్ని కాల్స్, ఏం మాట్లాడాలి?

మాధవి_కౌన్సెలర్ · సోమవారం, ఉదయం 10:12

అందరికీ నమస్తే. జిల్లా ఆస్పత్రి న్యూరో ఓపీకి నెలనెలా వచ్చే మూర్ఛ పేషెంట్లకు ఫోన్‌లో తోడుండే పని మొదలుపెడుతున్నాం. ఓపీలో డాక్టరు గారి దగ్గర ఒక్కొక్కరికి దొరికేది ఐదారు నిమిషాలు. ఆ తర్వాత నెలంతా మాత్రలు, నిద్ర, ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలన్నది వాళ్లూ ఇంట్లోవాళ్లూ చూసుకోవాల్సిందే. చాలామంది దగ్గర ఆండ్రాయిడ్ ఫోన్ ఉంది. కోచ్‌లు నలుగురు, ఎవరూ డాక్టర్లు కాదు.

ఏ యాప్ పెట్టించాలి? వారానికి ఎన్నిసార్లు, ఎంతసేపు మాట్లాడాలి? కోచ్ ఏం చెప్పొచ్చు, ఏది డాక్టరుకే వదిలెయ్యాలి? అనుభవం ఉన్నవాళ్లు వివరంగా రాయండి.

శ్రీలక్ష్మి_డల్లాస్ · సోమవారం, ఉదయం 11:40

మాధవి గారూ, యాప్ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. అమెరికాలో ప్రజారోగ్యం చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ 2007లో మేనేజింగ్ ఎపిలెప్సీ వెల్ అనే నెట్‌వర్క్ పెట్టింది. దాని కింద విశ్వవిద్యాలయాలు రకరకాల కార్యక్రమాలు తయారు చేశాయి. డార్ట్‌మత్‌లో పుట్టిన హాబ్‌స్కాచ్ మతిమరుపు, ఏకాగ్రత ఇబ్బందుల మీద పనిచేస్తుంది. పేషెంటు ఇంట్లోనే ఉంటాడు, కోచ్ ఫోన్‌లో మాట్లాడుతూ సమస్యను ముక్కలు చేసి పరిష్కరించుకోవడం నేర్పిస్తాడు. ఎమోరీ వాళ్ల అప్‌లిఫ్ట్ దిగులు, డిప్రెషన్ కోసం. అదీ ఫోన్ మీదే, చిన్న గుంపుగా, 8 వారాలు.

వీటిలో యాప్ వాడినవీ ఉన్నాయి, వాడనివీ ఉన్నాయి. ఫలానా రోజు ఫలానా టైముకి ఫోన్ చేసే మనిషి మాత్రం ఉంటాడు. ఈ వారం ఏం మార్చుకోవాలన్నది పేషెంటే ఎంచుకుంటాడు. ఈ రెండూ లేకుండా యాప్ మాత్రమే పెట్టిస్తే మొదటి పది రోజులు నింపుతారు, తర్వాత తెరవరు.

ఇంకో సంగతి. బ్రిటన్‌లో 2009లో వచ్చిన ఒక పరిశోధనలో పేషెంట్లతో ఒకే ఒక్క కాగితం నింపించారు: ఏ టైముకి, ఎక్కడ ఉన్నప్పుడు, ఏ పని చేస్తుండగా మాత్ర వేసుకుంటాను అని. మూత తెరిచినప్పుడల్లా టైము నమోదయ్యే డబ్బాలతో లెక్క చూస్తే, కాగితం నింపినవాళ్లు సుమారు 93 శాతం డోసులు వేసుకున్నారు, నింపనివాళ్లు 79 శాతం. సరైన టైముకే వేసుకోవడంలో తేడా ఇంకా పెద్దది: 79 శాతం, 55 శాతం. కాబట్టి మొదటి కాల్‌లో చెయ్యాల్సిన పని ఆ వాక్యం రాయించడమే.

"రోజూ రాత్రి మాత్ర వేసుకుంటాను" అంటే కుదరదు. "రాత్రి అన్నం తిని కంచం కడిగి బోర్లించగానే, ఫ్రిజ్ మీద స్టీలు డబ్బాలోంచి మాత్ర తీసుకుని అక్కడే నిలబడి వేసుకుంటాను" అన్నట్టుండాలి. అది కూడా వాళ్ల నోటితో రావాలి. కోచ్ చెప్పింది రాసుకుంటే అది కోచ్ ప్లానే అవుతుంది.

ఆండ్రాయిడ్_ప్రసాద్ · సోమవారం, మధ్యాహ్నం 1:05

శ్రీలక్ష్మి గారి మాటతో ఏకీభవిస్తూనే, యాప్ వైపు జరిగే ఘోరం ఒకటి చెప్తాను. పేషెంటు "అలారం మోగలేదండి" అంటే కోచ్‌లు నమ్మరు. నిజంగానే మోగి ఉండదు.

ఎందుకంటే బ్యాటరీ ఆదా పేరుతో చాలా కంపెనీల ఫోన్లు, వాడకుండా వెనక ఉన్న యాప్‌లను చంపేస్తాయి. షావోమీ, రియల్‌మీ, ఒప్పో, వివో ఫోన్లలో ఇది మరీ ఎక్కువ. మాత్రల యాప్ పెట్టిస్తే ఇవన్నీ చూడాలి:

సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు తెరిచి బ్యాటరీ దగ్గర "నో రిస్ట్రిక్షన్స్" లేదా "అన్‌రిస్ట్రిక్టెడ్" పెట్టాలి. "ఆటోస్టార్ట్" ఉంటే ఆన్ చెయ్యాలి. ఆండ్రాయిడ్ 14లో కొత్తగా వేసిన చాలా యాప్‌లకు కచ్చితమైన టైముకి అలారం మోగించే అనుమతి ముందే ఇచ్చి ఉండదు, కాబట్టి "అలారమ్స్ అండ్ రిమైండర్స్" విడిగా ఆన్ చెయ్యాలి. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్ అనుమతి కూడా అడుగుతుంది. తొందరలో "డోంట్ అలో" నొక్కేసిన ఫోన్లు చాలా ఉంటాయి. వాడని యాప్‌ను ఆపేసే స్విచ్ ఒకటి అదే పేజీలో కింద ఉంటుంది, దాన్ని ఆఫ్ చెయ్యండి. లేకపోతే కొన్ని నెలలు తెరవని యాప్‌కి అనుమతులన్నీ తీసేస్తుంది.

ఇంత తతంగం ఎందుకు అనుకుంటే, ఫోన్‌తో పాటు వచ్చిన గడియారం యాప్‌లోనే రెండు అలారాలు పెట్టండి, ఉదయం 9, రాత్రి 9. "రోజూ" అని ఏడు రోజులూ టిక్ చెయ్యండి. ఫోన్ సైలెంట్‌లో ఉన్నా మోగుతుంది, రీస్టార్ట్ అయినా మోగుతుంది. డు నాట్ డిస్టర్బ్‌లో "అలారమ్స్" అనుమతించి ఉందో లేదో ఒకసారి చూడండి. నా సలహా అడిగితే మాత్రకు గడియారం అలారం, డైరీకి మాత్రమే యాప్.

సెట్ చేసి వదిలెయ్యకండి. కాల్‌లో ఉండగానే రెండు నిమిషాల తర్వాతి టైముకి అలారం పెట్టించి, ఫోన్ లాక్ చేయించి, మోగిందని విన్నాకే కాల్ ముగించండి.

రుక్సానా_న్యూరోనర్స్ · సోమవారం, సాయంత్రం 6:30

అలారం మోగగానే అలవాటుగా నొక్కేసి "తర్వాత వేసుకుందాం" అనుకోవడం అన్నిటికన్నా పెద్ద సమస్య. అందుకే నేను కోచ్‌లకు నేర్పేది: అలారం మోగినప్పుడు ఫోన్ ఎక్కడ ఉంటుందో అక్కడే మాత్రలు ఉండాలి. ఛార్జింగ్ పెట్టే చోటు పక్కన డబ్బా, ఒక నీళ్ల సీసా. మాత్ర మింగాకే అలారం ఆపాలి.

డైరీ గురించి. యాప్‌లు ఇరవై గడులు పెడతాయి, ఎవరూ నింపరు. అర నిమిషంలో అయిపోవాలి. నా దృష్టిలో తప్పనిసరివి: తేదీ, టైము, ఏ రకం, ఎంతసేపు, నిద్రలోనా మెలకువలోనా, ముందు రోజు డోసు తప్పిందా, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు. ఆడవాళ్లకైతే నెలసరి తేదీ. మన ప్రాంతంలో తలస్నానం కూడా, దాని సంగతి తర్వాత రాస్తాను.

రకానికి డాక్టరు పేర్లు వాడొద్దు. వాళ్ల ఇంట్లో ఏ మాట వాడతారో అదే రాయించి పక్కన అక్షరం పెట్టండి. "పడిపోయి కొట్టుకోవడం" అంటే క. "చూపు నిలిచిపోయి పెదాలు చప్పరించడం" చ. "పొద్దున చేతులు ఒక్కసారి ఉలిక్కిపడటం, గ్లాసు జారిపోవడం" ఉ. ఈ మూడోదాన్ని చాలామంది ఫిట్స్ కింద లెక్కే వెయ్యరు, అడిగితేనే చెప్తారు. జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అనే రకంలో అదే ముఖ్యమైన ఆనవాలు.

ఫిట్స్ రాని రోజు "0" వెయ్యాలి. ఖాళీగా వదిలేస్తే రాలేదో, రాయడం మర్చిపోయారో డాక్టరుకు తెలియదు.

శ్రీలక్ష్మి_డల్లాస్ · సోమవారం, రాత్రి 8:15

రుక్సానా గారు చెప్పినదానికి ఒక చేర్పు. డైరీలో లేదు కాబట్టి ఫిట్స్ రాలేదనుకోకూడదు. జర్మనీలోని బాన్‌లో 2007లో, వార్డులో వీడియో ఈఈజీ (మెదడు తరంగాలనీ మనిషి కదలికలనీ కలిపి రికార్డు చేసే పరీక్ష) పెట్టి, పేషెంట్లు చెప్పినవాటితో పోల్చి చూశారు. సగానికి పైగా ఫిట్స్ పేషెంట్లు నమోదు చెయ్యలేదు. నిద్రలో వచ్చినవాటిలో నూటికి 85కు పైగా తప్పిపోయాయి. ఇది నిర్లక్ష్యం కాదు, ఆ సమయంలో మెదడులో జ్ఞాపకమే నిలవదు. అందుకని డైరీలో "నాకు తెలిసింది", "పక్కవాళ్లు చూసింది" అని రెండు వరుసలు ఉండాలి. పొద్దున లేచేసరికి నాలుక పక్కన కొరుక్కుని ఉండటం, పక్క తడిసి ఉండటం, కారణం లేకుండా ఒళ్లంతా నొప్పులు, ఇవి కూడా రాయించండి. రాత్రి వచ్చి ఉండొచ్చనడానికి అవే ఆధారం.

డాక్టర్_సుధాకర్_న్యూరో · మంగళవారం, ఉదయం 7:20

ఓపీలో మాకు డైరీ కన్నా ఎక్కువ ఉపయోగపడేది వీడియో. 2020లో జామా న్యూరాలజీ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో, పేషెంట్లు తెచ్చిన ఫోన్ వీడియోలు చూసి నిపుణులు ఇచ్చిన తీర్పు, వీడియో ఈఈజీ తర్వాతి తుది నిర్ధారణతో చాలావరకు సరిపోయింది. కానీ మాకు వచ్చే వీడియోల్లో సగం చీకట్లో, దుప్పటి కప్పి, చుట్టూ ఏడుపులతో ఉంటాయి. కోచ్‌లు కుటుంబానికి ఇది నేర్పితే చాలు:

ఇద్దరుంటేనే వీడియో. ఒకరు పేషెంటును పక్కకు తిప్పి, తల కింద ఏదైనా మెత్తగా పెట్టి, టైము చూస్తారు. రెండోవాళ్లు లైటు వేసి, దుప్పటి తీసి, కాళ్ల వైపు నుంచి ఒళ్లంతా కనిపించేలా మొదలుపెడతారు. ఆ తర్వాత ముఖానికి దగ్గరగా వెళ్లాలి. కళ్లు తెరిచి ఉన్నాయా, మూసుకుని ఉన్నాయా, తల ఏ వైపు తిరిగింది, ఏ చెయ్యి ముందు కదిలింది. ఈ మూడూ కనిపించాలి. పేరు పెట్టి పిలవండి. "గుమ్మడికాయ, గుర్తుపెట్టుకో" అని ఒక మాట చెప్పి, తేరుకున్నాక ఏం చెప్పానో అడగండి. ఆ సమయంలో స్పృహ ఎంత ఉందో ఆ ఒక్క ప్రశ్నతో తెలుస్తుంది. కొట్టుకోవడం ఆగగానే కెమెరా ఆపొద్దు, ఇంకో రెండు నిమిషాలు తియ్యండి. తర్వాత ఏ చెయ్యి బలహీనంగా ఉంది, మాట ఎప్పుడు వచ్చింది అన్నది ఫిట్స్ మెదడులో ఏ వైపు మొదలైందో చెప్తుంది.

వీడియో చూసి "ఇది నిజం ఫిట్స్ కాదేమో" అని కోచ్ అనకూడదు. మానసిక ఒత్తిడితో వచ్చే మూర్ఛలు కూడా నటన కాదు, వాటికి వేరే వైద్యం ఉంది.

ఇక మీ మూడో ప్రశ్న. కోచ్ డోసు పెంచడం, తగ్గించడం, మందు ఆపడం మీద ఒక్క మాట కూడా చెప్పకూడదు. ఈ విషయాలు వింటే మాత్రం అదే రోజు మాకు చేరెయ్యాలి:

కొత్త మందు, ముఖ్యంగా లామోట్రిజిన్, కార్బమాజెపిన్, ఫెనిటాయిన్ మొదలుపెట్టిన తొలి వారాల్లో ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుండ్లు. అది స్టీవెన్స్ జాన్సన్ అనే, ప్రాణం మీదకు తెచ్చే చర్మ సమస్య కావచ్చు, గంటలు లెక్క. లామోట్రిజిన్ ఐదు రోజులకు మించి ఆగిపోయి ఉంటే పాత డోసుతో మళ్లీ మొదలుపెట్టకూడదు, మొదటి నుంచి మెల్లగా పెంచాలి, కాబట్టి మమ్మల్ని అడగాలి. వాల్‌ప్రోయేట్ వాడుతున్న అమ్మాయికి గర్భం వచ్చినా, పెళ్లి కుదిరినా, వెంటనే అపాయింట్‌మెంట్. వాల్‌ప్రోయేట్ వేసుకుంటుండగా గర్భం వస్తే నూటికి పది మంది దాకా పిల్లలకు పుట్టుకతో లోపాలు రావొచ్చు. అలాగని భయపడి రాత్రికి రాత్రి మాత్ర ఆపేస్తే తల్లికీ బిడ్డకీ ప్రమాదం. లెవెటిరాసెటామ్ మొదలుపెట్టాక ఇంట్లో "ఊరికే కసురుకుంటున్నాడు, వస్తువులు విసురుతున్నాడు" అంటే అది కోపిష్టితనం కాదు, మందు ప్రభావం కావచ్చు. బతకాలని లేదన్న మాట వస్తే కాల్ పెట్టెయ్యకుండానే రెండో ఫోన్ నుంచి మాకు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఎప్పుడైనా పనిచేస్తుంది.

భాను_ఫార్మసిస్ట్ · మంగళవారం, ఉదయం 9:48

డోసు మర్చిపోతే ఏం చెయ్యాలన్నది ప్రతి పేషెంటు చీటీ మీద డాక్టరు చేత ముందే రాయించండి. మామూలుగా ఇచ్చే సూచన: రోజుకు రెండుసార్లు వేసుకునే మందైతే ఆరు గంటల లోపు గుర్తొస్తే వేసుకోవడం, దాటితే వదిలేసి తర్వాతి డోసు టైముకే వేసుకోవడం. రెండు డోసులు కలిపి మింగకూడదు. మందును బట్టి, మనిషిని బట్టి ఇది మారుతుంది కాబట్టే రాయించమంటున్నాను.

వారం డబ్బాలు కోచ్‌లందరూ కొనిపిస్తారు. మంచిదే, కానీ వాల్‌ప్రోయేట్ మాత్రలు గాలిలో తేమ పీల్చుకుని మెత్తబడతాయి. కార్బమాజెపిన్ తేమ తగిలితే గట్టిపడి, ఒంటికి పట్టడం తగ్గిపోతుంది. వీటిని రేకు విప్పి డబ్బాలో వెయ్యకూడదు. కత్తెరతో స్ట్రిప్‌ను ఒక్కో మాత్రగా కత్తిరించి రేకుతో సహా గళ్లలో వేసుకోవాలి. బాత్రూం అల్మారాలో, పొయ్యి పక్కన అలమరలో పెట్టకూడదు.

మందు అయిపోయాక షాపుకి వెళ్లడం వల్లే ఎక్కువ డోసులు పోతాయి. ఆదివారం, పండగ, షాపులో స్టాకు లేదు, ఇలా. కాబట్టి ఫోన్‌లో మూడో అలారం "మాత్రలు కొనాలి" అని, ఇంకా పది రోజుల మాత్రలు ఉండగానే మోగాలి. రోజుకు 4 మాత్రలైతే 40 మిగిలిన రోజన్నమాట. షాపులో వేరే కంపెనీది ఇచ్చినప్పుడు పేరు కన్నా ముందు మిల్లీగ్రాములు, పక్కనున్న సీఆర్, ఎక్స్‌ఆర్ అక్షరాలు (మందు మెల్లగా విడుదలయ్యే రకం అని అర్థం) పాత స్ట్రిప్‌తో సరిపోయాయో చూడమనండి. పాత స్ట్రిప్ వెనక ఫొటో ఫోన్‌లో ఉంటే సరి. ఫెనిటాయిన్ వాడేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి, డోసులో చిన్న తేడా రక్తంలో పెద్ద తేడా తెస్తుంది.

ఇంకా ముఖ్యమైనది, ఫిట్స్ ఆగకపోతే ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే. మన దగ్గర రెండు బలాలు దొరుకుతాయి: ఒక్క పఫ్‌కి 0.5 మిల్లీగ్రాములు, ఒక్క పఫ్‌కి 1.25 మిల్లీగ్రాములు. సాధారణ లెక్క కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు. 20 కిలోల పిల్లాడికి 4 మిల్లీగ్రాములు కావాలంటే మొదటిదైతే 8 పఫ్‌లు, ముక్కు ఒక్కో రంధ్రంలో నాలుగు. రెండోదైతే 3 పఫ్‌లు సరిపోతాయి. చీటీ ఒక బలానికి రాసి, షాపువాడు ఇంకోటి ఇస్తే, డోసు సగం కన్నా తక్కువో రెండింతల పైనో అయిపోతుంది. కోచ్ చెయ్యాల్సింది సీసా లేబుల్ ఫొటో, చీటీ ఫొటో పక్కపక్కన తెప్పించి డాక్టరుకో ఫార్మసిస్టుకో చూపించడం. ఖరారైన పఫ్‌ల సంఖ్యను మార్కర్‌తో సీసా మీదే పెద్దగా రాయించాలి. కొత్త సీసాను సన్నటి తుంపర వచ్చేదాకా గాలిలో నొక్కి చూడాలి, లేకపోతే మొదటి పఫ్‌లు ఖాళీగా పోతాయి.

వంశీ_వేరబుల్స్ · మంగళవారం, మధ్యాహ్నం 12:10

చేతి వాచీల గురించి ఎవరూ రాయలేదు. ఎంపాటికా కంపెనీ ఎంబ్రేస్ వాచీకి అమెరికాలో మందులు, వైద్య పరికరాలను పరిశీలించే ఎఫ్‌డీఏ 2018లో అనుమతి ఇచ్చింది. చేతి కదలికనీ, చర్మంలో చెమట వల్ల మారే విద్యుత్ ప్రవాహాన్నీ కలిపి చూసి ఇంట్లోవాళ్లకు ఫోన్ చేస్తుంది. వీటిని కూడా కార్యక్రమంలో పెట్టొచ్చు కదా?

ఆండ్రాయిడ్_ప్రసాద్ · మంగళవారం, మధ్యాహ్నం 12:55

> వీటిని కూడా కార్యక్రమంలో పెట్టొచ్చు కదా?

కొందరికి పనికొస్తుంది, అందరికీ కాదు. అది పట్టుకునేది ఒళ్లంతా కొట్టుకునే రకాన్నే. చూపు నిలిచిపోయేవి, పెదాలు చప్పరించేవి దానికి కనబడవు. పళ్లు తోముకోవడం, చపాతీ పిండి పిసకడం, చప్పట్లు కొట్టడం లాంటి లయబద్ధమైన కదలికలకు తప్పుడు అలారం రావొచ్చు. వాచీకి ఫోన్ బ్లూటూత్ దూరంలో ఉండాలి, ఫోన్‌లో నెట్ ఉండాలి, రెండింటికీ ఛార్జింగ్ ఉండాలి. రాత్రి ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టి బెడ్‌రూంలో పడుకుంటే ఆ గొలుసు అక్కడే తెగిపోతుంది. మార్కెట్‌లో దొరికే మామూలు స్మార్ట్ వాచీలో పడిపోతే చెప్పే సదుపాయం ఉన్నా, అది మూర్ఛను గుర్తించే యంత్రం కాదు. మంచం మీద వచ్చిన ఫిట్స్‌లో పడిపోవడం అనేదే లేదు.

డాక్టర్_సుధాకర్_న్యూరో · మంగళవారం, మధ్యాహ్నం 2:30

ప్రసాద్ గారి జవాబుకి వైద్యం వైపు నుంచి ఒకటి. రాత్రి ఫిట్స్ గురించి ఎందుకు పట్టించుకోవాలంటే సుడెప్, అంటే మూర్ఛ ఉన్నవాళ్లలో అనుకోకుండా సంభవించే మరణం. పెద్దవాళ్లలో ఏడాదికి వెయ్యి మందిలో సుమారు ఒకరికి. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్ ఎంత తరచుగా వస్తే ముప్పు అంత ఎక్కువ. ముప్పు తగ్గించే మొదటి మార్గం మాత్రలు తప్పకుండా వేసుకుని ఫిట్స్‌ను అదుపులో పెట్టడం, రెండోది రాత్రి అదే గదిలో మరో మనిషి ఉండటం. బ్రిటన్‌లో ఎప్‌స్‌మాన్ అనే యాప్ పేషెంటే తన ముప్పును కొన్ని నెలలకోసారి ప్రశ్నల ద్వారా చూసుకునేలా చేశారు. మన కోచ్‌లు మూడు నెలలకోసారి ఆ పని చెయ్యొచ్చు: ఈ మూడు నెలల్లో కొట్టుకునేవి పెరిగాయా, నిద్రలో మొదలయ్యాయా, మాత్రలు ఆగాయా, మద్యం పెరిగిందా, దిగులుగా ఉందా. ఏ ఒక్కదానికి అవునన్నా ఓపీ తేదీ ఇంకా త్వరగా వచ్చేలా మార్చండి.

ఈ మాట చెప్పాలా వద్దా అని కోచ్‌లు జంకుతారు. చెప్పండి. మెల్లగా, ముప్పు తగ్గించే మార్గంతో కలిపి చెప్పండి. దాచిపెడితే మాత్ర ఎందుకు మానకూడదో వాళ్లకు అసలు కారణం తెలియదు.

నీరజ_హైదరాబాద్ · మంగళవారం, రాత్రి 9:02

ఒక విషయం అందరూ దాటేస్తున్నారు. ఆ ఫోన్ ఎవరిది? చాలా ఇళ్లలో అమ్మాయి దగ్గర ఉన్న ఫోన్ అన్నయ్య చేతిలోనో భర్త చేతిలోనో తిరుగుతుంది. పెళ్లిచూపుల టైములో లాక్ స్క్రీన్ మీద "సీజర్ డైరీ నింపండి" అని వస్తే ఆ అమ్మాయి యాప్ తీసేస్తుంది, దాంతో పాటు మాత్ర కూడా మానేస్తుంది. కాబట్టి మొదటి కాల్‌లో మొదటి ప్రశ్న: "ఈ ఫోన్ ఇంకెవరు చూస్తారమ్మా? ఏ టైములో చేస్తే మాట్లాడటానికి వీలు?"

తర్వాత సెట్టింగ్స్. లాక్ స్క్రీన్ మీద నోటిఫికేషన్ లోపలి మాటలు దాచేలా పెట్టండి. అలారానికి పేరు వద్దు, ఒట్టి టైము చాలు. ఫిట్స్ వీడియో వాట్సాప్‌లో పంపితే అది అందుకున్న ఫోన్ గ్యాలరీలోకి, గూగుల్ ఫొటోస్ ద్వారా ఇంట్లో ఇంకో ఫోన్‌కీ వెళ్లిపోవచ్చు. ఆ చాట్ సమాచారంలోకి వెళ్లి "మీడియా విజిబిలిటీ" ఆఫ్ చెయ్యండి. పేషెంట్లందరినీ కలిపి వాట్సాప్ గ్రూపు మాత్రం పెట్టొద్దు, అందులో నంబర్లన్నీ అందరికీ కనిపిస్తాయి. విడివిడి చాట్‌లే.

ఇంకోటి, కోచ్‌లకు చట్టం తెలిసి ఉండాలి. మూర్ఛ ఉందన్న కారణంతో హిందూ వివాహం చెల్లదనే షరతును 1999లో సవరణ చేసి తీసేశారు. ఇప్పటికీ "ఫిట్స్ ఉంటే పెళ్లి చెల్లదట" అని భయపెట్టేవాళ్లు ఉన్నారు.

రుక్సానా_న్యూరోనర్స్ · బుధవారం, ఉదయం 6:55

నీరజ గారూ, గోప్యత గురించి మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజం. కానీ పూర్తిగా దాచడానికి కోచ్ సాయపడకూడదని నా అభిప్రాయం. ఇంట్లో ఒకరికి, పనిచేసే చోట ఒకరికి తెలిసి ఉండాలి. ఆ ఇద్దరెవరో పేషెంటే ఎంచుకోవాలి. తెలియనివాళ్ల మధ్య ఫిట్స్ వస్తే చేతిలో ఇనుప తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం మొదలవుతాయి. చెంచా వల్ల పళ్లు ఊడి గొంతులో పడతాయి. ఎంచుకున్న ఆ ఇద్దరికి పది నిమిషాల కాల్ ఒకటి విడిగా చెయ్యండి. పక్కకు తిప్పడం, టైము చూడటం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, 5 నిమిషాలు దాటితే స్ప్రే, 108. తెలివి రాకుండానే రెండోసారి వచ్చినా, నీళ్లలో వచ్చినా, తలకు దెబ్బ తగిలినా, గర్భిణి అయినా 5 నిమిషాలు ఆగొద్దు, వెంటనే 108.

లాక్ స్క్రీన్ మీద ఎమర్జెన్సీ సమాచారం కూడా పెట్టించండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లో "సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ", ఐఫోన్‌లో హెల్త్ యాప్‌లో "మెడికల్ ఐడీ". మందుల పేర్లు, ఫోన్ చెయ్యాల్సిన మనిషి. ఏం రాయాలన్నది పేషెంటు ఇష్టం.

ఇప్పుడు తలస్నానం. వేడినీళ్లు చెంబుతో తల మీద గబగబా పోసుకుంటే వచ్చే ఫిట్స్ దక్షిణాదిలో బాగా తెలిసినవి, బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు దీని మీద ఎంతో పని చేశారు. డైరీలో ఫిట్స్ ఆదివారం పొద్దున్నే వస్తున్నాయంటే తలంటు సంగతి అడగండి. గోరువెచ్చటి నీళ్లు, ముందు ఒంటి మీద, తర్వాత తల మీద మెల్లగా. తలుపుకి గడియ వద్దు. తగ్గకపోతే తలస్నానానికి గంటన్నర, రెండు గంటల ముందు క్లోబజామ్ అనే ఫిట్స్ మాత్ర వేసుకోమని డాక్టరు రాయొచ్చు.

క్యాలెండర్ ముందు పెట్టుకుని పండగలు కూడా చూడండి. శివరాత్రి జాగరణ మయోక్లోనిక్ రకం వాళ్లకు అసలు పడదు. రంజాన్‌లో రోజుకు రెండుసార్ల మందును ఒక్కసారి వేసుకునే రకానికి మార్చే వీలుందేమో, నెల మొదలవడానికి ఒకటి రెండు నెలల ముందే డాక్టరుని అడిగించాలి. ఉపవాసం మొదలయ్యాక అడిగితే అప్పటికే డోసులు పోయి ఉంటాయి.

మాధవి_కౌన్సెలర్ · బుధవారం, ఉదయం 10:30

ఎంత మేలు చేశారో చెప్పలేను. కాల్ ఎలా నడపాలో ఒక్కటి మిగిలింది. మా ట్రయల్ కాల్స్‌లో "మాత్రలు వేసుకుంటున్నారా?" అంటే అందరూ "ఆఁ, వేసుకుంటున్నా" అంటున్నారు.

శ్రీలక్ష్మి_డల్లాస్ · బుధవారం, సాయంత్రం 7:44

ఆ ప్రశ్నకు అదే జవాబు వస్తుంది, పెద్దవాళ్లు అడిగితే కాదనడం మన పద్ధతి కాదు. "ఇప్పుడు స్ట్రిప్‌లో ఎన్ని మిగిలాయో చూసి చెప్తారా?" అనండి. తేదీతో లెక్కేస్తే తెలిసిపోతుంది. లేదా "మాత్ర వేసుకోవడం ఎవరికైనా ఒకోసారి కుదరదు. పోయిన వారంలో మీకు ఏ రోజు కుదర్లేదు?" అని అడగండి. తప్పిందని చెప్పగానే ఉపన్యాసం ఇవ్వొద్దు. "ఆ రోజు ఏం జరిగింది?" అని అడిగి ఆగండి. పెళ్లికి వెళ్లారు, సంచి ఇంట్లో ఉండిపోయింది అంటే, రెండు రోజుల మాత్రలు పర్సులో ఉంచుకోవాలన్న పరిష్కారం వాళ్ల నోటే వస్తుంది.

ఎనిమిది కాల్స్, వారానికొకటి, 20 నుంచి 30 నిమిషాలు. మొదటి రెండింటిలో మాత్ర వాక్యం, అలారం, స్ట్రిప్ లెక్క. మూడోది ఇంట్లోవాళ్లతో ప్రథమ చికిత్స. డైరీని నాలుగో కాల్ దాకా మొదలుపెట్టకండి, ఒకేసారి అన్నీ ఇస్తే అన్నీ పోతాయి. ఐదు, ఆరు నిద్రకీ మనసుకీ. డిప్రెషన్‌ను అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలు అక్కడే అడగండి. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచన గురించి, దాన్ని వదిలెయ్యకుండా మామూలు గొంతుతో అడగండి. ఏడోది మతిమరుపు: వస్తువులకు ఒకే చోటు, ఫోన్‌లో వాయిస్ నోట్, పనిని ముక్కలు చెయ్యడం. ఎనిమిదోది ఓపీకి తయారీ: డైరీ నుంచి నెల లెక్క, ఒక్క వీడియో, మూడు ప్రశ్నలు, అన్నీ ఒక కాగితం మీద. ఆ ఐదారు నిమిషాలు అప్పుడు సరిపోతాయి.

ప్రతి కాల్ చివర "అర్థమైందా?" అనొద్దు. "ఇప్పుడు మాట్లాడుకున్నది మీ అమ్మగారికి ఎలా చెప్తారో నాకొకసారి చెప్పండి" అనండి. అందులో తప్పు దొర్లితే అది మనం చెప్పిన తీరులో లోపం, మళ్లీ చెప్పాలి.

భాను_ఫార్మసిస్ట్ · గురువారం, ఉదయం 8:20

పర్సులో రెండు రోజుల మాత్రలు అన్నారు, అదీ రేకుతోనే. నెలకోసారి వాటిని వాడేసి కొత్తవి పెట్టుకోవాలి, లేకపోతే నలిగి పొడి అవుతాయి.

నీరజ_హైదరాబాద్ · గురువారం, ఉదయం 11:15

స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లను ఏం చేస్తున్నారు మాధవి గారూ? బటన్ ఫోన్లవాళ్లను వదిలేస్తే అవసరం ఎక్కువ ఉన్నవాళ్లే బయట ఉండిపోతారు.

ఆండ్రాయిడ్_ప్రసాద్ · గురువారం, మధ్యాహ్నం 1:40

బటన్ ఫోన్‌లో అలారం ఇంకా నమ్మకం, దాన్ని చంపే యాప్‌లేవీ ఉండవు. "రిపీట్" దగ్గర "డైలీ" పెట్టారో లేదో చూడండి, లేకపోతే ఒక్కసారి మోగి ఊరుకుంటుంది. బ్యాటరీ పూర్తిగా అయిపోయి తేదీ, టైము చెరిగిపోయే ఫోన్లు కొన్ని ఉంటాయి. అలాంటివైతే వారం కాల్‌లో "ఇప్పుడు మీ ఫోన్‌లో టైము ఎంత చూపిస్తోంది?" అని అడిగితే చాలు.

డైరీకి గోడ మీద తెలుగు క్యాలెండర్ వాడండి. ఏ ఇంట్లోనైనా ఉంటుంది, తిథి, పండగ అందులోనే ఉంటాయి. ఉదయం మాత్రకు గడిలో ఎడమవైపు గీత, రాత్రి మాత్రకు కుడివైపు గీత, ఫిట్స్ వస్తే రుక్సానా గారి అక్షరం, టైము. పెన్ను దారంతో క్యాలెండర్‌కే కట్టి ఉండాలి. నెలాఖరున ఆశా కార్యకర్త వచ్చినప్పుడు ఆ పేజీ ఫొటో తీసి కోచ్‌కి పంపి, తన ఫోన్‌లోంచి తీసెయ్యాలి. ఫొటోలో పేరు రాయొద్దు, కోచ్ ఇచ్చిన నంబరు చాలు.

మాధవి_కౌన్సెలర్ · గురువారం, సాయంత్రం 5:25

బటన్ ఫోన్లవాళ్లను కూడా చేరుస్తున్నాం. మొదటి కాల్ కాగితం ఇవాళే తయారు చేశాం: పైన "ఈ ఫోన్ ఇంకెవరు చూస్తారు?", కింద మాత్ర వాక్యానికి నాలుగు ఖాళీ గీతలు, ఆ కింద స్ట్రిప్ లెక్క, డోసు మర్చిపోతే ఏం చెయ్యాలో డాక్టరు రాయడానికి ఒక గడి. సుధాకర్ గారూ, అదే రోజు మీకు చేరవెయ్యాల్సినవాటి జాబితాను కాగితం వెనకవైపు అచ్చు వేయిస్తున్నాను, రేపు మీకు పంపిస్తాను, ఒకసారి చూసి దిద్దండి.

డాక్టర్_సుధాకర్_న్యూరో · గురువారం, రాత్రి 10:05

పంపండి. ఆ జాబితాలో పైనే మేం ఫోన్ ఎత్తే నంబరు, ఏ టైము నుంచి ఏ టైము దాకా ఎత్తుతామో వెయ్యండి. ఆ టైము దాటితే ఎవరికి చెయ్యాలో కూడా.